సుందరికి తెల్లగుడ్డలు

ఆదోని క్యాంపు,
3-2-1956

ఎమ్మిగనూరు మగ్గాల వీధి తాయమ్మ గారికి, సముద్ర వింతల ప్రదర్శన కంపెనీ మేనేజరు దేవేంద్రప్ప నమస్కారాలు.

మీ నేత మెత్తగా ఉంటుందని విని రాస్తున్నాను. మా సుందరికి నాలుగేసి గజాల గుడ్డలు పన్నెండు కావాలి. తెల్లవే కావాలి. రంగూ అంచూ బొత్తిగా పనికిరావు. బళ్ళారి నుంచి ఆదోనికి రైల్లో వచ్చేటప్పుడు తడిపి ఒంటికి చుట్టాలి. మిల్లు గుడ్డ గీరుకుంటోంది. వయసు ఆరేళ్ళు. జోడీగా తెచ్చాం గానీ మగవాడు దారిలోనే పోయాడు. ఇంతకు మించి అడగకండి. ఆదోనిలో డేరా తెర లేచేదాకా సుందరి సంగతి గుట్టుగా ఉంచమని మా యజమాని ఆజ్ఞ.

ఇట్లు,
మీ జవాబుకు ఎదురుచూసే దేవేంద్రప్ప.

తా.క. త్వరపడండి. సుందరి అన్నం ముట్టదు. పచ్చి చేపలు తప్ప వేరే తిండి ఎరగదు.


ఎమ్మిగనూరు,
6-2-1956

మేనేజరు దేవేంద్రప్పకు తాయమ్మ రాసేది. నమస్కారం పెట్టాలో వద్దో ఈ ఉత్తరం చివరికి తేల్చుకుంటాను.

ఆరేండ్ల పసిదానికి పెండ్లి చేసింది ఎవరయ్యా? చేసినారు సరే, మొగుడు పోతే తెల్లగుడ్డ చుడతారా? అదీ తడిపి! నా మొగుడు పోయినప్పుడు నాకు పదహారేండ్లు. మా అత్త తెల్లచీర తెచ్చి ముందర పెట్టింది. దాన్ని చించి మగ్గం తుడుచుకున్నాను. ఆ పొద్దు నుంచి మా ఇంట్లో ఆడదానికి అంచులేని గుడ్డ నేసింది లేదు, నేసేది లేదు.

ఎర్రంచు పావడా ఒకటి పంపుతున్నాను. పైకం వద్దు. ముందు ఆ పిల్లకు పొడిబట్ట కట్టండి.

నమస్కారం పెట్టకూడదని తేల్చుకున్న తాయమ్మ.

తా.క. పసిబిడ్డ పచ్చి చేపలు తింటుందంటే అది ఆకలయ్యా, అలవాటు కాదు.


ఆదోని,
9-2-1956

తాయమ్మ గారికి దేవేంద్రప్ప మళ్ళీ నమస్కారాలు, మీరు పెట్టకపోయినా.

పావడా అందింది. చాలా బాగుంది. కానీ సుందరికి కాళ్ళు లేవు. కట్టడానికి నడుమూ లేదు. మీరు ఊరికే కంగారు పడుతున్నారు. మేం చక్కగా చూసుకుంటున్నాం. ఇప్పుడు బళ్ళారిలో రోజుకు మూడు ఆటలు. గంట కొడితే ఎగురుతుంది. ఎగిరితేనే తిండి పెడతాం, అందుకే సోమరితనం లేదు. గుడ్డలు మాత్రం తెల్లవే పంపండి.

ఇట్లు,
ఓపికగల దేవేంద్రప్ప.

తా.క. ఏడుస్తుందేమో అనుకోకండి. మొహం ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. పుట్టుకే అంత.


ఎమ్మిగనూరు,
12-2-1956

ఒరే దేవేంద్రప్పా,

కాళ్ళు లేని బిడ్డను ఎగరమంటావా? ఎగరకపోతే పస్తు పెడతావా? నీ ఉత్తరం వీధిలో నిలబడి గట్టిగా చదివినాను. శ్రీశైలమ్మ మగ్గం గుంటలో నుంచి లేచి వచ్చింది. "వాని మీసాలు పడుగుకు కట్టి నేస్తా, పదండే!" అనింది. నలభై మగ్గాలు ఆగిపోయినాయి. ఈ వీధిలో నీకు జానెడు గుడ్డ దొరకదు. యేసేపు రెండు బండ్లు ఇస్తానన్నాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే కడతాడు. మేము వచ్చేసరికి బిడ్డను బళ్ళారి నుంచి తెచ్చి బయట కూర్చోబెట్టి ఉండాలి.

తాయమ్మ, ఇంకా నలభై మంది.

తా.క. యేసేపు ఎద్దులు పొడుస్తాయి. చెప్పలేదనొద్దు.


ఆదోని,
15-2-1956

అమ్మా తాయమ్మ గారూ, బండ్లు ఆపండి!

మీ కాళ్ళకు మొక్కుతాను. సుందరి పిల్ల కాదు. డాల్ఫిన్. సముద్రంలో బతికే ప్రాణి. చూడ్డానికి పెద్ద చేపలా ఉంటుంది గానీ చేప కాదట. మనలాగే ఊపిరి పీలుస్తుంది, పిల్లలకు పాలిస్తుంది. రెండేళ్ళ కింద మద్రాసు దగ్గర వలలో పట్టారు. తొట్టిలో ఉంచి ఊరూరా చూపిస్తున్నాం. ఆదోనిలో ఇరవై బండ్ల నీళ్ళు తోలించి, ఉప్పు కలిపి తొట్టి సిద్ధం చేశాను. గుట్టు బయటపెట్టినందుకు నా ఉద్యోగం పోవచ్చు. కానీ మీసాలు ముఖ్యం.

ఇట్లు,
భయంతో దేవేంద్రప్ప.

తా.క. ఇక మీకు బాధ లేదు కదా, గుడ్డలు పంపండి. రంగు దిగితే దాని చర్మం మండుతుంది. అందుకే తెల్లవి అడిగాను.


ఎమ్మిగనూరు,
18-2-1956

దేవేంద్రప్పా, నీకు తాయమ్మ దీవెనలు సగం. మిగతా సగం నీ చేతిలో ఉన్నాయి.

చేప అని తెలిసి వీధంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వినాను. నవ్వి మగ్గం మీద కూర్చుంటే చెయ్యి ఆడలేదు. ఊపిరి పీలుస్తుందని నువ్వే రాసినావు. పాలిస్తుందని నువ్వే రాసినావు. జతగాడు పోయినాడు. ఎగిరితేనే తిండి. నేను ముందు రాసిన ఉత్తరాల్లో పిల్ల, బిడ్డ అనే మాటలు మాత్రం కొట్టేసి, మిగతావన్నీ అట్లనే ఉంచుకో. ఒక్క తిట్టు కూడా వెనక్కి తీసుకోను. బిందె నీళ్ళకు జుట్లు పట్టుకునే ఊర్లో ఇరవై బండ్లు పోసి ఉప్పు కలిపినావా? అంత పెద్ద సముద్రం ఉండగా నువ్వు తొట్టిలో ఇంకోటి చేస్తావా?

గుడ్డలు పన్నెండూ పంపుతున్నాను. తెల్లవే. ఆదోనికి రావడానికి కాదు, ఇంటికి పోవడానికి.

తాయమ్మ.

తా.క. తొట్టి బాగుందంటావు కదా. పొద్దున నుంచి సాయంత్రం దాకా నువ్వు దాంట్లో ఉండి, అప్పుడు రాయి.


మద్రాసు,
27-2-1956

తాయమ్మక్కా,

మీది తప్పని చూపిద్దామనే ఆదోని తొట్టిలో దిగాను. పొద్దున ఎనిమిదికి దిగితే తొమ్మిదికల్లా ఎటు తిరిగినా గోడే. నాలుగు బారలు ఈదితే మళ్ళీ అదే చోటు. దగ్గితే నా దగ్గే నాకు తిరిగొచ్చింది. పదింటికి డేరా కూలీలు చుట్టూ చేరారు. శెనక్కాయలమ్మే భీమమ్మ, "అప్పా, ఊరికే మునిగేదేమి? ఒకసారి ఎగురు, సూస్తాం!" అని ఒక కాయ విసిరింది. సిగ్గుచేటు గానీ, ఆకలేసి ఎగిరి పట్టుకున్నాను. చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది. నా మొహం చూసి, "నవ్వుతాండాడు!" అన్నారు.

పదకొండుకు బయటికి వచ్చేశాను. సాయంత్రం దాకా నావల్ల కాలేదు. సుందరి రెండేళ్ళుగా ఉంది.

బళ్ళారి వెళ్ళి అక్కడున్న సుందరికి మీ గుడ్డలు తడిపి చుట్టాను. గుంతకల్లులో ఆదోని బండి ఎక్కించాలి. మద్రాసు బండి ఎక్కించాను. నిన్న పొద్దున జాలర్లు పడవలో తీసుకుపోయి లోపల వదిలారు. కాసేపు ఎటూ పోలేదక్కా. గోడ ఉందనుకుని గుండ్రంగానే తిరిగింది. ఎన్నోసారికో గోడ లేదని తెలిసింది. అంతే, మళ్ళీ కనబడలేదు. నేను మోకాళ్ళ లోతులో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఇట్లు,
ఉద్యోగం లేని దేవేంద్రప్ప.

తా.క. ఈ పని ఎవరు చేయించారని యజమాని తంతి కొట్టాడు. మీ పేరూ వీధీ రాసేశాను, క్షమించండి. సోమవారం ఎమ్మిగనూరు వచ్చి మిమ్మల్ని నిలదీస్తాడట. ఆదోని తొట్టిలో నీళ్ళు ఇంకా తీసేయలేదు. ఆయనకు ఈత వచ్చు, మొహమాటపడకండి.