నీలం ఏరేటర్లు, మన ఎర్రవి

భీమవరం అవతల, చెరువు గట్టు మీద నుంచి
శుక్రవారం పొద్దున్న

అన్నయ్యకు సుగుణ నమస్కారాలు.

మేం బాగానే ఉన్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వదిన బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటోందా? మీరంతా బాగున్నారని తెలిస్తే నాకు సగం దిగులు తీరుతుంది. ఈ ఉత్తరంతో పాటు సంచిలో గుడ్డలో చుట్టిన గేరు ఒకటి ఉంటుంది. దాని సంగతి చెప్పడానికే రాస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో వాదిస్తావు, నాకు ఏడుపొస్తుంది. అందుకే మీ సామర్లకోట వస్తున్న రత్నం మాస్టారి చేతికిస్తున్నాను.

మేం ఇక్కడికొచ్చి ఏడు నెలలు. రొయ్యల చెరువు కౌలుకు తీసుకుంటే గట్టు మీదే ఉండాలని తెలుసు గానీ, ఇంత ఒంటరిగా ఉంటుందనుకోలేదు. చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం టిన్ను తెచ్చుకోవాలి. కూరగాయల బండి రెండ్రోజులకోసారి వస్తుంది. పలకరించడానికి పక్క చెరువు సత్యవతి గారొక్కరే. ఆవిడతోనే చెడగొట్టుకున్నాను.

ఏరేటర్లు కొన్న సంగతి నీకు గుర్తుందిగా? చక్రాలతో చెరువు నీళ్ళు చిలికి గాలి కలిపే మెషిన్లు. ఇక్కడ అందరూ ఒకే కంపెనీవి వాడతారు. కంపెనీ పేరు కూడా చెప్పరు, తేలే డబ్బాల రంగును బట్టి "నీలం" అంటారు. ధర మిగతావాటికి దాదాపు రెట్టింపు. అయినా కళ్ళకద్దుకుని కొంటారు. దసరాకి పసుపూ కుంకుమా పెడతారు. ఒకాయన బైకు మీద దాని స్టిక్కరు కూడా అంటించుకున్నాడు. నేను పుస్తకంలో పట్టిక గీశాను: హార్స్‌పవరు, కరెంటు, గ్యారంటీ, ధర. నువ్వొచ్చి రెండు రకాలూ విప్పి చూసి, "లోపల అదే మోటారు, అదే తీగ. డబ్బులన్నీ పైన రంగుకే" అన్నావు. మనం ఎర్రవి నాలుగు కొన్నాం.

అక్కడితో ఊరుకున్నానా? ఆ పట్టిక తీసుకెళ్ళి సత్యవతి గారికి చూపించాను. "అంత పోసి ఎందుకండీ కొంటారు?" అన్నాను.

ఆవిడ నవ్వి, "మా ఆయన్ని నమ్మకపోయినా దాన్ని నమ్ముతానండి" అంది.

"అది నమ్మకం కాదండి, గుడ్డి భక్తి" అన్నాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. అప్పట్నుంచి మా మధ్య పలకరింపు లేదు.

ఈ సోమవారం ముసురు పట్టింది. ఎండ లేదు, గాలి లేదు. ఇలాంటప్పుడు నీళ్ళలో గాలి తగ్గిపోతుంది, మెషిన్లు కాసేపు ఆగినా రొయ్య తట్టుకోదు. బుధవారం పొద్దున్న ఆరింటికి ఒక ఎర్రది గరగరమని ఆగింది. ఏడింటికి రెండోది. మోటార్లు బాగానే ఉన్నాయి, నువ్వన్నట్టే. గేర్ల పళ్ళు విరిగాయి. మీ బావగారు అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "పార్టు బయట్నుంచి రావాలండి, వారం పడుతుంది" అన్నాడు. భీమవరంలో నాలుగు షాపులకి ఫోన్ చేశాం. నలుగురిదీ ఒకటే మాట: "నీలానిదైతే ఉందండి."

ఎనిమిదింటికి రొయ్యలు పైకి తేలాయి. మూలల్లో గుంపులు గుంపులుగా, మీసాలు పైకి పెట్టి. డెబ్భై ఐదు రోజులు పెంచిన పంట అన్నయ్యా. మీ బావగారు గట్టు మీద కూలబడిపోయారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా సత్యవతి గారింటికి పరిగెత్తాను.

ఆవిడ అంట్లు తోముతోంది. నేను చెప్పిందంతా విని, తలెత్తకుండా, "మీ పుస్తకంలో చూడండి అక్కగారూ, గాలేమైనా రాసుందేమో" అంది.

నేను అలాగే నిలబడ్డాను. ఆవిడ చేతులు కడుక్కుని లోపలికి తిరిగి, "ఏవండీ! షెడ్డులో ఖాళీగా ఉన్న రెండూ ట్రాక్టర్లో వేయించండి. టిఫిను తర్వాత తిందురుగాని, లేవండి!" అని కేకేసింది.

తొమ్మిదిన్నరకి రెండు నీలం మెషిన్లు మన చెరువులో తిరిగాయి. మధ్యాహ్నానికి రొయ్య కిందికి దిగింది. రెండు బుట్టల రొయ్య చచ్చింది, మిగతాది నిలిచింది.

సాయంత్రం అమ్మ పంపిన మాగాయ సీసా పట్టుకెళ్ళి, నా మాటకి క్షమించమన్నాను. మళ్ళీ అదే ప్రశ్న అడిగాను, ఈసారి తెలుసుకుందామని.

"ఆ కంపెనీవాళ్ళు మాకేమన్నా చుట్టాలా అండి?" అంది. "ఏటా రేటు పెంచుతారు, తిట్టుకుంటూనే కొంటాం. కానీ ఈ గట్ల మీద ఎవరిది ఆగినా ఇంకొకళ్ళ పార్టు దానికి సరిపోద్ది. ఏ మెకానిక్కైనా కళ్ళు మూసుకుని విప్పుతాడు. మీది ఆగితే మీరొక్కళ్ళే కదండీ."

నువ్వు చెప్పింది తప్పు కాదన్నయ్యా. నా పట్టికా తప్పు కాదు. ఒక గడి తక్కువైంది, అంతే.

కానీ గండం గడవలేదు. ముసురు ఇంకా వదల్లేదు. వచ్చే సోమవారం సత్యవతి గారు తమ రెండో చెరువులో రొయ్య పిల్ల వదులుతున్నారు, మెషిన్లు తిరిగిచ్చెయ్యాలి. మన పంటకి ఇంకో పాతిక రోజులు కావాలి. ఇప్పుడే పట్టేద్దామంటారు మీ బావగారు. ఇంత సన్న రొయ్యకి ఏం వస్తుందంటాను నేను. చేతిలో ఉన్నది మేతకే సరి, నీలానివి ఇప్పట్లో కొనలేం.

అందుకని ఆ గేరు చూడు. మీ ఫ్యాక్టరీ దగ్గర లేతు షాపులో అలాంటివి నాలుగు చేయించు. రెండు వెయ్యడానికి, రెండు దగ్గర ఉంచుకోవడానికి. నువ్వే వచ్చి బిగించాలి, ఇక్కడ ఎర్రదాన్ని ఎవరూ ముట్టుకోరు. వచ్చేటప్పుడు అమ్మనడిగి ఇంకో సీసా మాగాయ తీసుకురా.

నిన్న పట్టిక మళ్ళీ గీశాను. చివర కొత్త గడి పెట్టాను: "ఆగితే ఎవరొస్తారు?" నీలానికి ఎదురుగా రాస్తుంటే పేర్లు గడిలో పట్టక మార్జిన్లోకి పోయాయి. ఎర్రదానికి ఎదురుగా ఒక్క పేరే రాశాను. నీదే.

అమ్మ పాదాలకి నా దణ్ణాలు చెప్పి, ఈ పంట గట్టెక్కాలని దీవించమను. వదినకి నా నమస్కారం.

ఆదివారం నీ కోసం గట్టు మీద నిలబడి చూస్తుంటాను.

నీ చెల్లెలు
సుగుణ