మూడు హారన్లు

మామగారి తండా,
నవంబరు 4.

బస్సు డిపో పెద్దవారికి,

సేవాలాల్ మహరాజ్ దయవల్ల అక్కడ అందరూ క్షేమమని తలుస్తూ సువర్ణ రాస్తున్న సంగతులు.

పొద్దున పర్ణశాల పోయే తొలి బస్సు గురించి ఈ ఉత్తరం. ఆరూ నలభైకి మా స్టాపు దాటుతుంది. ఎక్కేవాళ్ళు లేక ఆగదు. అయినా ఆ డ్రైవరు మూడుసార్లు హారన్ కొట్టిగానీ పోడు. నేను వాకిట్లో నిలబడి ఉంటాను. చేయెత్తుతాను. ఎండయినా వానయినా ఒక్కరోజు తప్పలేదు. ఆయన గురించి ఈ నాలుగు ముక్కలు మీ పుస్తకంలో ఎక్కాలని నా కోరిక.

గుట్ట ఎక్కితేగానీ ఇక్కడ ఫోను పలకదు. గుట్ట ఎక్కడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు. అందుకని ఉత్తరం. ఒకసారి బస్సులో దొరికిన మీ ఫారం కూడా నింపి జత చేశాను. రెండు గడులు ఖాళీగా వదిలాను, ఏమీ అనుకోవద్దు.

ఇట్లు,
సువర్ణ

తా.క. మా కొడుకు కూడా మీ దగ్గరే డ్రైవరు. పేరు రాయను. రాస్తే సిఫారసు అనుకుంటారు. మంచి పిల్లవాడు అని మాత్రం రాస్తున్నాను.

*

డిపో కార్యాలయం,
నవంబరు 11.

శ్రీమతి సువర్ణ గారికి,

తమరి ఫిర్యాదు అందినది. నెంబరు 17గా నమోదు చేయడమైనది. డ్రైవరుపై రెండు అభియోగములు గుర్తించబడినవి. ఒకటి, ప్రయాణికురాలు చేయెత్తి నిలబడి ఉండగా బస్సు ఆపకపోవుట. రెండు, అనవసరముగా మూడు పర్యాయములు హారన్ మోగించుట. సదరు డ్రైవరుకు మెమో ఇవ్వబడినది.

ఫారంలో భర్త పేరు, స్టాపు పేరు గడులు ఖాళీగా ఉన్నవి. 'మామగారి తండా' అను పేరుతో మా రూట్లలో ఏ స్టాపూ లేదు. ఈ ఉత్తరం తమకు చేరినదీ లేనిదీ తెలుపగలరు.

భవదీయుడు,
ప్రభాకర్, సీనియర్ అసిస్టెంట్

తా.క. మెచ్చుకోలుకు వేరే ఫారం ఉందేమో అని బీరువా అంతా వెతికాను. లేదు. ఇంతవరకు ఎవరూ అడగలేదట.

*

మామగారి తండా,
నవంబరు 17.

ప్రభాకర్ గారికి నమస్కారం.

ఉత్తరం చేరింది. పోస్టుమాన్ సైకిలు దిగి, "డిపోళ్ళకు నీ మీద ఏం కోపమొచ్చిందమ్మా?" అని అడిగాడు.

నాది ఫిర్యాదు కాదు. నేను చేయెత్తేది ఆపమని కాదు, పోయిరమ్మని.

స్టాపు పేరు ఎందుకు రాయలేదంటే, ఈ తండా కట్టింది మా మామగారు. బోర్డు మీద ఉన్నది ఆయన పేరే. కోడలిని, ఆ పేరు పలకను, రాయను. ముప్పై నాలుగేళ్ళుగా అంతే. పెళ్ళయిన కొత్తలో బస్సెక్కితే కండక్టరుకు స్టాపు పేరు చెప్పలేక ముందు ఊరికి టికెట్టు తీసుకుని వెనక్కి నడిచేదాన్ని. మా ఇంటాయన పేరు సంగతీ అదే. ఆయన పోయి ఆరేళ్ళు. వాగు వంతెన దాటాక ఎడమవైపు స్టాపు అని గుర్తు పెట్టుకోండి.

నా సంగతి చెబితే మీకు అర్థమవుతుందేమో. నాలుగున్నరకు లేస్తాను. వాకిలి ఊడ్చి, స్నానం చేసి, సేవాలాల్ గుడిలో దీపం పెడతాను. రెండు జొన్న రొట్టెలు చేసుకుంటాను. మొదట్లో చేయి అలవాటుకు ఐదు చేసేది. ఇప్పుడు నేర్చుకుంది. తండావాళ్ళు పత్తి ఏరడానికి పోతే పొద్దుగూకేదాకా రారు. మా కల్యాణి ఖమ్మంలో పెద్ద దవాఖానాలో స్టాఫ్ నర్సు. కొడుకు స్టీరింగ్ మీద. ఇద్దరూ యూనిఫాం వేసుకునే పిల్లలు. ఆ ఫోటోలు పక్కపక్కన పెట్టాను. మధ్యాహ్నం వాటి దుమ్ము తుడుస్తాను. దుమ్ము లేకపోయినా తుడుస్తాను.

పొద్దుట ఆ మూడు హారన్లు వినబడితే, ఆ రోజుకు ఒకరు నన్ను పలకరించినట్టే. ఆయనకు మెమో ఇచ్చారంటే నాకు రొట్టె దిగలేదు. వెనక్కి తీసుకోండి.

ఇట్లు,
సువర్ణ

తా.క. మీ చేతిరాత వణుకుతోంది. బీపీ చూపించుకోండి. కల్యాణి పేరు చెబితే వరుసలో నిలబడే పని ఉండదు. ఇది సిఫారసే.

*

డిపో కార్యాలయం,
నవంబరు 24.

శ్రీమతి సువర్ణ గారికి,

తమరి రెండవ ఉత్తరం ఫైలులో జతపరచడమైనది. అందులో తమరు గతంలో స్టాపు దాటిపోయి వెనక్కి నడిచినట్లు తెలిపియున్నారు. దీనిని మూడవ అభియోగముగా చేర్చడమైనది.

విషయం మేనేజరు గారు స్వయముగా పరిశీలించి ఈ క్రింది ఉత్తర్వులు ఇచ్చియున్నారు. ఇకపై తొలి బస్సు వంతెన దాటిన తరువాత స్టాపులో విధిగా ఆగవలెను. హారన్ కొట్టరాదు. ఫిర్యాదుదారు ఎక్కిన తరువాతే కదలవలెను. ఫిర్యాదు ముప్పై రోజులలో పరిష్కారం కానిచో డ్రైవరు వేరే రూటుకు మార్చబడును.

భవదీయుడు,
ప్రభాకర్

తా.క. మెమో వెనక్కి తీసుకునే ఫారం కూడా బీరువాలో లేదు. బీపీ నూట అరవై ఉందండి.

*

మామగారి తండా,
డిసెంబరు 2.

ప్రభాకర్ గారికి,

మీ ఉత్తర్వు గురువారం అమలయింది. బస్సు వచ్చి నా ముందు ఆగింది. కండక్టరు నాగలత తలుపు తీసి, "ఎక్కు పెద్దమ్మా, ఆర్డరొచ్చింది" అంది.

"ఏడికి బిడ్డా?"

"ఏడికన్న సరే. నువ్వు ఎక్కకపోతే బస్సు కదలొద్దంట. ఆడోళ్ళకు టికెట్టు పైసల్లేవు గద, నీకేం బాధ?"

లోపల పది మంది నా వైపే చూస్తున్నారు. ఒకాయన "జల్దీ ఎక్కమ్మా, నాకు బడి టైమయితున్నది" అన్నాడు. చేతిలో చీపురు. దాన్ని గోడకు ఆనించి ఎక్కాను. పర్ణశాల పోయి రాముడికి దండం పెట్టుకుని అదే బస్సులో తిరిగి వచ్చాను. శుక్రవారం అంతే. శని, ఆదివారాలూ అంతే. డ్రైవరు మీద మాట పడొద్దని రోజూ ఎక్కుతున్నాను. నా ఇద్దరు మేకలు ఆకలికి అరుస్తున్నాయి. వాకిలి సగమే ఊడుస్తున్నాను.

నాలుగోరోజు పూజారి అడిగాడు, "ఏం మొక్కుకున్నవమ్మా, రోజూ వస్తున్నవు?"

"నేను మొక్కలేదయ్యా. డిపో మొక్కింది" అన్నాను.

హారన్ లేదు. బస్సులో అంతమంది మనుషులున్నా, దిగి ఇంట్లోకి వస్తే ఆ రోజు ఎవరూ పలకరించనట్టే ఉంటోంది. బస్సు ఆపకండి. హారన్ కొట్టనివ్వండి. ఆయన్ను ఈ రూటు నుంచి మార్చకండి. ఇంతకు మించి నాకేమీ వద్దు.

ఇట్లు,
సువర్ణ

తా.క. 'ఇద్దరు మేకలు' అని రాశాను. కొట్టేద్దామనుకుని వదిలేశాను. ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే.

*

డిసెంబరు 8.

అక్కా,

ఇది ఆఫీసు కాగితం కాదు, మా అబ్బాయి పాత నోటుబుక్కులోది. ఫైలు నెంబరు వేయలేదు. నాకూ వేంసూరులో ఒక అక్క ఉంది. ఆమెకు ఉత్తరం రాసి పన్నెండేళ్ళయింది. మీ మేకల సంగతి చదివాక మొన్న ఆమెకు ఒక కార్డు రాశాను. భయపడి ఎవరు పోయారని ఫోను చేసింది.

ఒక మాట చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియడం లేదు. మీ తండా చిరునామాతో సర్వీసు రిజిస్టరు తిరగేస్తే మీ అబ్బాయి కోటేష్ దొరికాడు. అక్కా, ఆ హారన్ కొట్టేది కోటేష్ కాదు. అతను ఏప్రిల్‌లోనే హైదరాబాద్ డిపోకు బదిలీ అయ్యాడు. ఈ ఎనిమిది నెలలుగా తొలి బస్సు నడుపుతున్నది సమ్మయ్య.

సమ్మయ్యను పిలిచి అడిగాను. "కోటేష్ పోయేటప్పుడు చెప్పిపోయిండు సార్. అన్నా, వంతెన దాటినంక మూడుసార్లు కొట్టు, మా అమ్మ నేననుకుంటది, ఒక్కతే ఉంటది అన్నడు. కొడుతున్న. గంతే సార్" అన్నాడు. మెమోకు జవాబులో ఇదంతా రాయలేక 'అక్కడ అడవి పందులు తిరుగును' అని రాశాడట. పెద్ద మనసుతో క్షమించండి.

కోటేష్‌కు ఫోను చేశాను. "మా యాడీకి, అదే మా అమ్మకు, చెప్పకండి సార్. పొద్దుటిపూట నన్ను చూస్తున్ననన్న ధైర్యంతోనే ఉంటది" అన్నాడు. చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక ఫిర్యాదు. దాన్ని మూసే దారి ఒక్కటే ఉంది. మీరు జత చేసిన ఫారం ఇందులో తిరిగి పెట్టాను, దాన్ని మీరే స్వయంగా పూర్తిగా నింపి, 'ఫిర్యాదు లేదు' అని సంతకం చేయాలి. స్టాపు పేరు మీ చేత్తో రాయాలి. నేను రాస్తే చెల్లదు. డిసెంబరు పదకొండు లోపు చేరకపోతే సమ్మయ్య రూటు మారుతుంది. అందుకే దీన్ని బస్సులో నాగలత చేతికిచ్చి పంపుతున్నాను.

మీ తమ్ముడనుకోండి,
ప్రభాకర్

తా.క. మీకు ఎలా ఉందోనని భయంగా ఉంది. బీపీ నూట డెబ్బై.

*

డిసెంబరు 9.

తమ్ముడు ప్రభాకర్‌కు ఆశీస్సులు.

భయపడకు. మా అమ్మ కడుపున పుట్టిన ఐదుగురికీ నేనే అక్కను. నువ్వు ఆరోవాడివి.

కోటేష్ కాదని నాకు మొదటిరోజే తెలుసు. వాడు మూడో హారన్ సాగదీస్తాడు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి తలుపు కొట్టేదీ అంతే, మూడో దెబ్బ పొడుగు. ఏప్రిల్‌లో ఒకరోజు మూడూ పొట్టిగా వినబడ్డాయి. అద్దంలోంచి చూస్తే తెల్ల మీసాలాయన. చేయి సగం ఎత్తి ఆగిపోయాను. ఆయన నా వైపు చూసి తల దించుకున్నాడు, ఏదో తప్పు చేసినట్టు. పాపమనిపించింది. చేయి పూర్తిగా ఎత్తాను. అప్పటి నుంచి ఎత్తుతూనే ఉన్నాను.

నా మొదటి ఉత్తరం మళ్ళీ చదువు. డ్రైవరును మెచ్చుకోమని పైన రాశాను. కొడుకు సంగతి కింద వేరే రాశాను. కన్న కొడుకు తల్లికి హారన్ కొడితే మీ పుస్తకంలో ఎక్కించమని అడుగుతానా? ఎవరి తల్లికో రోజూ హారన్ కొట్టేవాణ్ణి గురించి రాశాను.

వాడు వేరే బస్సుకు మారాడనే అనుకున్నాను. హైదరాబాద్ అని నీ ఉత్తరంలోనే చూశాను. అంత దూరం అనుకోలేదు. దీపం పెట్టి కాసేపు గుడిలోనే కూర్చున్నాను.

శ్రావణంలో తీజ్ పండుగకు వచ్చినప్పుడు, "యాడీ, రోజూ సూస్తనే ఉన్న గద నిన్ను" అన్నాడు. "అవ్ బిడ్డా, సూస్తున్నవ్" అన్నాను. వాడు ఆ మాట చెప్పుకుని అక్కడ ధైర్యంగా ఉంటున్నాడు. కాబట్టి నాకు తెలుసని వాడికి తెలియనివ్వకు. సమ్మయ్యకూ చెప్పకు.

ఫారం నింపాను. భర్త పేరు గడిలో 'కోటేష్ తండ్రి' అని రాశాను, దాంతో సరిపెట్టుకోండి. స్టాపు పేరు గడి దగ్గర కలం చాలాసేపు ఆగింది. సేవాలాల్‌కు మొక్కి, మామగారి ఫోటోకు దండం పెట్టి, "మామా, ఒక డ్రైవరు కోసం" అని చెప్పి రాశాను.

చందూలాల్ తండా.

ముప్పై నాలుగేళ్ళకు మొదటిసారి. ఏమీ కాలేదు. పెళ్ళయిన కొత్తలో అంత దూరం నడవకుండా ఉండాల్సింది.

రేపు పొద్దున బస్సు ఆగగానే ఇది నాగలత చేతికిస్తాను. ఆమె ఎక్కమంటే ఎక్కను. ఫిర్యాదు లేదని చెబుతాను.

ఇట్లు,
నీ అక్క సువర్ణ

తా.క. నీ బీపీకి ఉప్పు తగ్గించు. వేంసూరు అక్కకు మళ్ళీ కార్డు రాయి, ఈసారి భయపడదు. ఇంకో సంగతి. మనసు మంచిదై, మూడో హారన్ సాగదీయమని సమ్మయ్యకు ఎక్కడ చెబుతావో. చెప్పకు. అది కోటేష్‌ది. ఈయనవి పొట్టివే బాగున్నాయి.