ఊఁ కొట్టని మైకు

నల్లపాడు,
ఆదివారం

ప్రియమైన కరీమూ,

రోజుకి నాలుగు వాయిస్ మెసేజీలు పంపే మొహం కాగితం, కలం పట్టుకుందేమిటా అని నవ్వుకుంటున్నావు కదూ! ఫోన్‌లో అయితే నా గొంతు వినగానే పట్టేస్తావు. అందుకే ఇలా రాస్తున్నాను. మధ్యలో ఆపి ఫోన్ చేయకు. మొత్తం చదివి, ఆ తర్వాత ఎంత తిట్టాలనిపిస్తే అంత తిట్టు.

పొద్దున మా హాస్టల్ ముందు మిరపకాయల లారీ ఒకటి ఆగింది. ఆ ఘాటుకి అమ్మాయిలంతా తుమ్ములే తుమ్ములు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. మన నర్సింగ్ పూర్తయిన ఎండాకాలం, మా నాన్న కల్లం, ఎర్రటి కుప్ప ముందు మూతికి చున్నీ కట్టుకుని తొడిమలు తీస్తూ నువ్వూ నేనూ. జర్మనీ ఆసుపత్రుల్లో నర్సులు కావాలట, ఆ భాష వస్తే చాలట అని ఎవరో చెప్పగానే ఇద్దరం కలిసే వెళ్దామని ఒట్లు వేసుకున్నాం. ఉన్నది నీ ఒక్క ఫోను. దాన్ని పాల కవర్లో పెట్టి బోర్లించిన బకెట్ మీద నిలబెట్టేవాళ్ళం. వేళ్ళకి కారం కాబట్టి మోచేత్తో నొక్కేవాళ్ళం. జర్మన్ నేర్పే ఆ యాప్ ఒక మాట పలికితే మనం తిరిగి పలకాలి. గొంతు గీరినట్టు వచ్చే ఆ 'ఖ' నువ్వంటే ఆకుపచ్చ గుర్తు, నేనంటే ఎరుపు. మీ ఇంట్లో ఉర్దూ ఉంది కాబట్టి నీకు పుట్టుకతోనే వచ్చిందని నేను ఏడ్చేదాన్ని. మన పక్కన తొడిమలు తీసే పేరమ్మత్త ఊరుకునేదా? "ఏందే ఆ ఖాఖాలు! గొంతులో తొడిమేమన్నా అడ్డంపడిందా?" అని నీళ్ళ చెంబు నా ముందు పెట్టేది.

పాఠం అయ్యాక ఒకళ్ళు జర్మన్‌లో ఏదో ఒక కథ చెప్పాలి, రెండోవాళ్ళు ఊఁ కొట్టాలి. ఆ రూలు కూడా పేరమ్మత్తదే. "ఎదుటోళ్ళు ఊఁ అనకపోతే చెప్పేదానికి నోరెట్టా ఆడుద్దే?" అనేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా తనూ మధ్యమధ్యలో ఊఁ అనేది. కరీమూ, నేను చదువుకున్న చదువులన్నిటిలో ఆ రెండు నెలల చదువే నాకు ఇష్టం.

ఇప్పుడు అసలు సంగతి. నీకు సెలెక్షన్ వచ్చిన రోజు నాతో ఏమన్నావు? "నువ్వెందుకు పరీక్ష రాయలేదే?" అన్నావు. "నాన్న వద్దన్నాడు, పంపనన్నాడు" అన్నాను. అది పచ్చి అబద్ధం. నేను రాశాను. రెండుసార్లు రాశాను. రెండుసార్లూ తప్పాను.

వినేవాళ్ళు లేని పరీక్ష అది. నీకూ తెలుసుగా, చెవులకి హెడ్‌ఫోను, ఎదురుగా స్క్రీను, మూతి దగ్గర మైకు. మీ ఊళ్ళో మీరు చేసిన పని గురించి రెండు నిమిషాలు చెప్పమంది. నాకు ఎంత సంతోషం వేసిందనుకున్నావు! మన కల్లం గురించి మొదలుపెట్టాను. రెండు వాక్యాలు చెప్పి ఆగాను. ఎందుకు ఆగానో నాకే తెలియదు. నాలుగు సెకన్లు చప్పుడు లేకపోతే నా జవాబు అయిపోయినట్టేనట, మైకు ఆగిపోయింది. రెండోసారి ఆగకూడదనే వెళ్ళాను. మళ్ళీ ఆగాను.

కోచింగ్ సెంటర్లో శివనాగరాజు సార్ నా మాక్ టెస్టు రికార్డింగ్ కంప్యూటర్లో చూపించారు. మాట్లాడిన చోట గీతలు ఎగిరెగిరి పడ్డాయి. తర్వాత చదునుగా ఖాళీ. "భాష బాగానే ఉందమ్మా. మధ్యలో ఎవరి కోసం ఆగుతున్నావు?" అన్నారాయన. అక్కడే ఏడుపొచ్చేసింది. నీ ఊఁ కోసం ఆగుతున్నాను. ఆ ఖాళీలన్నీ నీవే.

నువ్వు ఒక్క దెబ్బకి పాసైతే నేను రెండుసార్లు తప్పానని చెప్పుకోలేక నాన్నని అడ్డం పెట్టాను. నా మాట నమ్మి నువ్వు మా గడప తొక్కడం మానేశావు. నాన్న పలకరిస్తే మొహం తిప్పుకున్నావట. "కరీమున్ ఎందుకమ్మా మనింటికి రావట్లేదు?" అని ఆయన ఆ మధ్య ఫోన్‌లో అడిగితే ఏదో గొణిగి పెట్టేశాను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

మూడోసారి రాయను. ఇక్కడి ఆసుపత్రిలోనే ఉంటాను. నా కోసమే నువ్వు ఆ ఉద్యోగం కాగితాల మీద సంతకం పెట్టకుండా కూర్చున్నావని నాకు తెలుసు. వద్దు. వెళ్ళు. వెళ్ళేముందు ఒక్కసారి మా నాన్నతో మాట్లాడు.

నీ శ్రీరమ్య


దర్శి,
శుక్రవారం

ఒసేయ్ రమ్యా,

తిట్టమన్నావుగా, తిడుతున్నాను. అబద్ధాలకోరు మొహమా! నీ అబద్ధం నాకు నెల కిందటే తెలుసు.

మీ నాన్న, మా యలమంద బాబాయ్, ఒకరోజు దారిలో స్కూటర్ ఆపి, "ఏమ్మా, నా మీద కోపమెందుకు?" అని నేరుగా అడిగాడు. నేనూ దాచలేదు. "కన్నకూతురి బతుకు చేజేతులా పాడుచేశావు బాబాయ్" అనేశాను.  ఆయన నేల చూస్తూ, "అవునమ్మా, ఆడపిల్లని అంత దూరం పంపలేక వద్దన్నాను. తప్పు నాదే" అన్నాడు. మా పిల్ల జర్మనీ పోద్ది అని టీ కొట్టు దగ్గర ప్రతివాడికీ చెప్పిన మనిషి! నువ్వు ఏదో చెప్పుకోలేక తన పేరు వాడుకున్నావని ఆయనకి ఆ నిమిషంలోనే అర్థమైంది. నాకూ అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను రమ్యా. ఆ సాయంత్రమే మీ ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. ఆయన టీ ఇప్పించి, "అది పరీక్ష తప్పినట్టుంది, ఊళ్ళో తెలిస్తే చిన్నబోద్ది, నువ్వు అడగబాకు" అన్నాడు.

అయినా నీకు ఫోన్ చేసి కడిగేయకపోవడానికి ఇంకో కారణం ఉంది. నేనూ నీకు ఒకటి దాచాను. నీ కోసం ఆగానని అనుకుంటున్నావు. ఆగలేదు. మూడు వారాల కిందటే సంతకం పెట్టేశాను. కలిసే వెళ్దామని ముందు ఒట్టేసింది నేను. ఆ ఒట్టు తప్పింది కూడా నేనే. నీ మొహం చూసి ఆ మాట చెప్పలేక రోజులు నెట్టాను.

నేను బాగా మాట్లాడి పాసయ్యాననుకోకు. నువ్వు గుర్తొస్తే ఆగిపోతానని ముందే భయపడ్డాను. అందుకని కళ్ళు మూసుకుని, ఎవరికీ చెప్పనట్టు గడగడా వాగేశాను. కంప్యూటర్ మంచి మార్కులు వేసింది. ఆ రెండు నిమిషాలు ఏం చెప్పానని నువ్వు అడిగితే ఒక్క ముక్క గుర్తులేదు. రేపు అక్కడ వార్డులో ముసలావిడ ఎవరో నొప్పి అని చెబుతుంటే ఆగి వినడం వస్తుందో రాదో అని దిగులుగా ఉంది. నువ్వైతే వింటావు. మూడోసారి రాస్తావో మానేస్తావో నీ ఇష్టం, నేను ఒట్లు వేయించను. నీకు చేతకాదని మాత్రం అనుకోకు.

ముందు మీ నాన్నకి ఫోన్ చెయ్యి. నిజం నీ నోటితో చెప్పు. ఆయనకి తెలిసినా సరే, చెప్పు.

వచ్చే బుధవారమే ప్రయాణం, ఎయిర్‌పోర్టుకి వెళ్ళడానికి గుంటూరు స్టేషన్‌లో సాయంత్రం బండి. మా అమ్మీ అంత దూరం ప్రయాణం చేయలేదు. బాబాయే వచ్చి సామాను ఎక్కిస్తానన్నాడు. నాకు చాలా భయంగా ఉందే. నిన్ను అడక్కుండా సంతకమైతే పెట్టాను గానీ, నిన్ను చూడకుండా రైలు మాత్రం ఎక్కలేను.

నీ
కరీమున్