ఒక గొంతు, ఇద్దరు కెప్టెన్లు

మార్చి 3, సోమవారం

మా సీరియల్లో కొత్త కెప్టెన్ మొదటి ఎపిసోడ్ శుక్రవారం వచ్చింది. కామెంట్లు వేలల్లో ఉన్నాయని మా అమ్మాయి చెప్పింది. చదవద్దన్నాను. చదివి వినిపించింది. ఈ చెక్కబొమ్మకి అంతరిక్ష నౌక ఎవరిచ్చారని ఒకడు. మా కెప్టెన్‌ని మాకిచ్చెయ్యండని లెక్కలేనంత మంది. పాతావిడ తుపాకీ ఎడమచేత్తో పట్టుకునేది, ఈవిడ కుడిచేత్తో పట్టుకుంది, ప్రమాదంలో ముఖం మారొచ్చు గానీ చెయ్యి కూడా మారుతుందా అని ఒక పెద్దమనిషి వ్యాసమే రాశాడు.

పాతావిడకి సినిమా ఛాన్సులొచ్చి వెళ్ళిపోయింది. కథ రాసేవాళ్ళు ఏం చేస్తారు పాపం, పేలుడులో కెప్టెన్ ముఖం కాలిపోయిందనీ, డాక్టర్లు కొత్తది అతికించారనీ రాశారు. గొంతు మాత్రం కాలలేదు. ఆ గొంతు నాది. సీరియల్ మొదలైనప్పటి నుంచి తెరమీద పెదవులు ఎవరివైనా కెప్టెన్ మాట నేనే చెప్తున్నాను.

ఆ గొంతైనా మిగిలింది, నయం అని చాలామంది రాశారట. లోపల్లోపల పొంగిపోయాను. అబద్ధం ఎందుకు.

మార్చి 5

అత్తయ్య కొత్తావిడని ఒప్పుకోవడం లేదు. ఆ పిల్ల నడకే కెప్టెన్ నడక కాదట. పాతావిడ ఎందుకు మానేసిందో కనుక్కుని, కాస్త నచ్చజెప్పి వెనక్కి తీసుకురమ్మని నాకు పురమాయించారు. ఇన్నేళ్ళలో నేను ఆవిడతో మాట్లాడింది రెండుసార్లు, అదీ లిఫ్టులో.

మార్చి 7, శుక్రవారం

డబ్బింగ్. బూత్‌లో ఏసీ పనిచెయ్యడం లేదు, చెమట్లు కారిపోయాయి.

షూటింగ్‌లో నటులు పలికింది ముందు హెడ్‌ఫోన్లో విని, తర్వాత దాని మీద నా మాట ఎక్కిస్తాను. కొత్తావిడ సొంత గొంతు రోజూ వినేది నేనూ సౌండ్ ఇంజినీరూ తప్ప ఎవరూ లేరు. ఇవాళ్టి సీన్లో, ఎవరూ ఓడ వదిలి వెళ్ళడానికి వీల్లేదు అనాలి. పాతావిడైతే గోడలు అదిరేలా అరిచేది. ఈవిడ తనలో తను అనుకున్నట్టు మెల్లగా అంది. గొంతు కొంచెం బొంగురు. నాకు ఒళ్ళు జలదరించింది.

డబ్బింగ్ డైరెక్టర్ పాతావిడలాగే అరవమన్నాడు, జనానికి అదే అలవాటట. ఆ మెల్లని పెదవుల మీద అరిచాను. టేక్ ఓకే. రాత్రికే ప్రసారం.

మార్చి 8

ఒకడి కామెంట్: గొంతులో అంత కోపం ఉంటే ముఖంలో చుక్క కూడా లేదు, ఈవిడకి నటన రాదు.

ముఖంలో కోపం లేని మాట నిజమే. గొంతులో కోపం పెట్టింది నేను.

మార్చి 13

కొత్త కెప్టెన్ చెప్పాపెట్టకుండా బూత్‌కి వచ్చింది. దగ్గర నుంచి చూస్తే చిన్నపిల్ల, మా అమ్మాయి కన్నా నాలుగేళ్ళు పెద్దదేమో. అక్కా అంటూ వచ్చి కూర్చుంది. కామెంట్లన్నీ చదువుతోందట. తను ఎక్కడ తప్పు చేస్తోందో చెప్పమంది. పని మధ్యలో ఈ ఏడుపేమిటని నాకు విసుగొచ్చింది. బాగానే చేస్తున్నావమ్మా అన్నాను, పంపించెయ్యడానికి.

వెళ్ళబోతూ, హెడ్‌ఫోన్లో తన గొంతు వినబడుతుందా అని అడిగింది. వినబడుతుందన్నాను. ఎలా ఉంటుందని అడిగింది. ఇంజినీరు టేక్‌కి పిలిచాడు. జవాబు చెప్పకుండా తప్పించుకున్నాను.

మార్చి 19

ఛానల్ వాళ్ళు జనానికి లొంగిపోయారు. పాతావిడని ఒక్క ఎపిసోడ్‌కి బతిమాలి తెస్తున్నారు. అసలు కెప్టెన్ ఇన్నాళ్ళూ శత్రువుల ఓడలో ఖైదీగా ఉందట. ఇప్పుడున్నది ఆవిడ నుంచి అచ్చు తీసిన మనిషట. ఇద్దరూ ఎదురుపడతారు, వాదించుకుంటారు, చివరికి అసలావిడ ఓడని కాపాడి చనిపోతుంది.

అత్తయ్యకి చావు సంగతి చెప్పలేదు. వస్తోందని మాత్రం చెప్పాను. ఫోన్లో చుట్టాలందరికీ చెప్పేశారు.

మార్చి 31, సోమవారం

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

షూటింగ్ అయింది, ఎడిటింగ్ అయింది, మ్యూజిక్ సగం అయింది. రెండు ముఖాలకీ గొంతు ఒక్కటేనని ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. బూత్‌లో నిలబడి అసలు కెప్టెన్ మాట చెప్పి, కొత్త కెప్టెన్ జవాబు చెప్పబోయి ఆగిపోయాను. అటువైపు డైరెక్టర్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

ఇద్దరికీ చెప్పి చూశాను. ఎవరో పిచ్చిది అద్దం ముందు పోట్లాడుకుంటున్నట్టుంది. ఒకరి గొంతు మెషీన్లో సన్నగా చేశారు. దోమ వాదిస్తున్నట్టుంది. ఇంజినీరు పడీ పడీ నవ్వాడు. డైరెక్టర్ నవ్వలేదు.

ఛానల్‌తో మాట్లాడి వచ్చి, నన్నే తేల్చమన్నాడు. కొత్తావిడతో ఉంటే కెప్టెన్ నాదే, చనిపోయే ఆవిడకి ఒక్క ఎపిసోడ్‌కి ఇంకెవరినైనా పెడతారు. పాతావిడతో వెళ్తే ఆవిడతోనే నా పనీ అయిపోతుంది. రేపు చెప్పమన్నాడు.

ఇందులో తేల్చడానికేముంది? కెప్టెన్ పోతే నాకు మిగిలేది సబ్బు ప్రకటనలు. కొత్తావిడతోనే ఉంటాను.

ఏప్రిల్ 1, ఉదయం ఏడు

నిద్ర లేదు. చనిపోయేటప్పుడు పాతావిడ నోట్లోంచి ఇంకొకరి గొంతు రావడం ఊహించుకున్నాను. ఆవిడ ముఖం ఆవిడదే కావచ్చు, కానీ ఆ మనిషిని సగం నేను పెంచాను. వేరేవాళ్ళ చేతుల్లో చావనివ్వను.

ఏప్రిల్ 1, సాయంత్రం

పాతావిడతో వెళ్తానని చెప్పేశాను. కొత్తావిడ మాట కొత్తావిడే చెప్పుకోవాలన్నాను. డైరెక్టర్ ససేమిరా అన్నాడు, జనం చీల్చి చెండాడతారన్నాడు. మార్చి ఏడో తారీకు షూటింగ్ సౌండ్ పెట్టి వినమన్నాను. విన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు.

మరి సగం సీన్లో గొంతెలా మారుతుందని అడిగాడు. అతనే వెతికి పట్టుకున్నాడు. ఒక షాట్‌లో కొత్తావిడ వీపు మాత్రమే కనిపిస్తుంది, పెదవులు కనిపించవు. అక్కడ ఏ మాటైనా పెట్టొచ్చు. నా ముఖం నీది కాదు, ఇక నీ గొంతూ నాకొద్దు అని పెట్టారు. కొత్తావిడ మాట అక్కడి దాకా నేను. అక్కడి నుంచి ఆ పిల్ల.

అందరూ నన్ను త్యాగమూర్తిలా చూస్తున్నారు. ఒళ్ళు మండుతోంది. త్యాగం లేదు, గీగం లేదు. రేపు కరెంటు బిల్లుతో పాటు దిగులు కూడా వస్తుంది.

ఏప్రిల్ 2

చనిపోయాను. రెండో టేక్‌లో ఓకే అయింది.

నా తర్వాత కొత్త కెప్టెన్ బూత్‌లోకి వచ్చింది. మైక్ కాస్త దించి, ఆ రోజు అడిగావు కదా, నీ గొంతు బావుంటుంది అన్నాను. అరవకు అని కూడా చెప్పాను. బయటికొచ్చి అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. అసూయగానే ఉంది.

ఏప్రిల్ 4, శుక్రవారం

అత్తయ్య వెక్కి వెక్కి ఏడ్చారు. పక్కనే కూర్చున్న నన్ను పట్టుకుని, చావనని వాళ్ళకి గట్టిగా చెప్పలేకపోయావా అన్నారు.

ఏప్రిల్ 5

కామెంట్లు. ఈ బొంగురు గొంతేమిటి, జలుబు చేసిందా అని కొందరు. ఆ వీపు షాట్ దగ్గర ఏడ్చామని కొందరు. పాత గొంతు లేకపోతే సీరియల్ చూడం అని బోలెడంత మంది. ఆ చివరి వాటిని మా అమ్మాయి చేత రెండుసార్లు చదివించుకున్నాను.

ఏప్రిల్ 16

సబ్బు.

ఏప్రిల్ 18, శుక్రవారం

పాత గొంతు కావాలనేవాళ్ళు తగ్గారట. అందరూ చూస్తూనే ఉన్నారు.

మే 2, శుక్రవారం

ఇందాక టీవీ ముందున్న అత్తయ్యని కాఫీ ఇమ్మంటారా అని అడిగాను. ష్, ఉండవే, కెప్టెన్ మాట్లాడుతోంది అన్నారు.