నాన్న మాటలున్న క్యాసెట్

దిల్‌సుఖ్‌నగర్, జూన్ 1986
ఆదివారం రాత్రి

సెలవు పెట్టిన నాలుగు రోజులూ కంప్యూటర్ ముందే గడిచాయి. నాన్న నేసిన పోచంపల్లి చీర డిజైన్ ఈ సాయంత్రం టీవీ తెర మీద గడి గడిగా వచ్చింది. కరెంటు పోతుందన్న భయంతో, చేతికందిన క్యాసెట్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించేశాను; ఈ కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను టేపు మీద శబ్దంగానే దాచుకుంటుంది.

అమ్మ తెరను తడిమి చూసింది. "గా క్యాసెట్ పెట్టు బిడ్డా, జర మీ నాయిన మాట ఇంట."

పోయే ముందు నాన్న ఆ డిజైన్ లెక్కంతా చెప్పిన క్యాసెట్ అది. పెట్టాను. కీచుమని ఒకటే రొద. అది నా ప్రోగ్రామ్. నాన్న మాటల మీదే ఎక్కించాను.

ఆపడానికి చెయ్యి రాలేదు. రొద దానంతటదే ఆగింది. చివర్లో మిగిలిన నాన్న గొంతు అడిగింది: "అంత రాసుకున్నవా, కొడుకా?"