మా ఇంటిని పుంత అని రాసిన సంగతి

21-11-2025, శుక్రవారం.
వంట అయింది. బట్టలు ఆరేశాను. వాకిలి రెండోసారి ఊడ్చాను.

మండల తహశీల్దారు గారికి,

అయ్యా,

విషయం: మా ఇంటి స్థలము రీసర్వేలో పుంతగా, అనగా ప్రభుత్వ బండిదారిగా నమోదైనందున, తిరిగి ఇల్లుగా నమోదు చేయించుట గురించి.

1. మా ఇంటి వెనక పదకొండు ఎకరాల్లో వెంచరు వేశారు. దానికి రోడ్డెక్కే దారి లేదు, మధ్యలో మా స్థలం ఉంది. వెంచరు మనిషి భీమరాజు గారు వేసవి నుంచి అమ్మమని అడుగుతున్నారు. ముందు వద్దన్నాము. మావారు చంద్రరావు గారు మెట్లు ఎక్కలేకపోతున్నందున దసరా తర్వాత ఒప్పుకున్నాము.

2. అంతలో రీసర్వే వచ్చింది. సర్వేయరు గారికి టీ ఇచ్చి కూర్చోబెట్టాను. వెనక చేలకి దారి ఏదని అడిగారు. మా మామగారు కోతల రోజుల్లో గేటు తీసి అందరి బళ్ళనీ మా వాకిట్లోంచే పోనిచ్చేవారని, గడ్డిమోపు ఇచ్చినా పుచ్చుకునేవారు కారని గొప్పగా చెప్పాను. ఆయన రాసుకున్నారు. చదవకుండా కింద సంతకం పెట్టాను. అది నా పొరపాటే.

3. ఇప్పుడు రికార్డులో మా పేరు లేదు. పుంత, వెడల్పు ముప్పై అడుగులు అని ఉంది. బళ్ళు వెళ్ళిన వాకిలి పన్నెండు అడుగులు. మిగతా పద్దెనిమిది అడుగుల్లో మా వంటగది, పడకగది, దేవుడి గది ఉన్నాయి. వాటిలోంచి ఏ బండీ వెళ్ళలేదు. 1987 నుంచి ఇంటిపన్ను రసీదుల నకళ్ళు వరసగా జతచేశాను.

4. సర్వేయరు గారి ఆ కాగితం మీద పక్కింటి అచ్చిబాబు గారు సాక్షిగా సంతకం చేశారు. ఎందుకు చేశారని అడిగాను. "నేను అబద్ధం చెప్పలేదు కదమ్మా, మా బండీ వెళ్ళింది" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన మా వైపు కిటికీ తీయడం లేదు.

5. రిజిస్ట్రేషన్ ఎప్పుడని భీమరాజు గారికి ఫోన్ చేశాను. "రోడ్డుని ఎవరైనా కొంటారేంటండీ అక్కయ్యగారూ" అని నవ్వారు. ప్లాట్లు చూడటానికి వచ్చేవాళ్ళు చెప్పులతో మా వాకిట్లోంచే నడుస్తున్నారు. మొన్న ఒకావిడ కారులోంచి హారన్ కొట్టి, దారికి అడ్డంగా ఆరేసిన బట్టలు తీయమన్నారు. తీసేశాను. తీశాక ఎందుకు తీశానా అని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

కావున తమరు స్వయంగా వచ్చి టేపు పెట్టించి కొలిపించండి. అమ్ముకుంటామో ఉంటామో తర్వాత మేము తేల్చుకుంటాము. ముందు అది మా ఇల్లని రాయించండి. ఈ మనవి చిత్తగించి, ఆ ఒక్క మాట దిద్దించవలెనని వేడుకుంటున్న

తమ విధేయురాలు,
గుత్తుల వీరవేణి

మరొక మనవి: ఇది కవరులో పెడుతుండగా పొక్లెయిన్ ఒకటి వచ్చి మా గేటు ముందు ఆగింది. డ్రైవరు మంచినీళ్ళు అడిగితే ఇచ్చాను. పని ఎక్కడండీ అన్నాను. ఆయన చెంబు తిరిగి ఇస్తూ, నా మొహం చూడకుండా, "పుంత బాగుచేయాలంటండి, సోమవారం" అన్నారు. మీ ఆఫీసులో అర్జీలు తీసుకునేది కూడా సోమవారమే కనుక, ఆగకుండా దీన్ని ఈరోజే తెచ్చి ఇస్తున్నాను. సోమవారం మీరు పదిన్నరకి కూర్చుంటారు. ఆయన ఏడింటికి మొదలుపెడతారట.