ఖాళీ గదుల్లో అమ్మ పాట

తాడేపల్లిగూడెం, ఆగస్టు 2006

అమ్మకు ఫిన్నీ వందనాలు. నేను బాగానే ఉన్నాను. కొల్లేరు పొంగి మన దారి మునిగిందన్నారు, అందుకే సెలవైనా రాలేక కాలేజీలో పని చేసుకున్నాను. ఒకచోట వేసిన వీడియో కావాలన్న గదులన్నిటికీ ఒకేసారి వెళ్లేలా నెట్‌వర్క్ స్విచ్‌లలో మల్టీకాస్ట్ సెట్టింగ్ పెట్టాలి. వేసి చూడడానికి నా దగ్గరున్నది మన చర్చి క్రిస్మస్ పాటల వీడియో సీడీయే. సెట్టింగ్ కుదరగానే ఖాళీ గదులన్నిట్లో నువ్వు పాడావు. వాచ్‌మన్ గారు వచ్చి “ఎవరండీ ఆవిడ?” అన్నారు. “మా అమ్మండీ” అన్నాను. ఈ ఊరొచ్చాక మన ఇంటి మాట నన్ను అడిగింది ఆయనొక్కరే.

ఇంట్లోకి నీళ్లొచ్చాయా? బియ్యం బస్తాలు మంచం మీదికి ఎక్కించారా? ఫోను కలవడం లేదు, చెల్లి ప్రీతిని వెంటనే రాయమను. నాన్నగారికి వందనాలు చెప్పు.

పనైపోయాక కూడా సీడీ ఆపలేదమ్మా.

ఫిన్నీ